వార్డుకు వారం వారం లెక్క చెప్పడం ఎలా? కొత్త కౌన్సిలర్లు, కార్పొరేటర్ల కోసం

వార్డు సభ్యుడి మీద జనానికి వచ్చే కోపం పని కానందుకు కొంతే. చెప్పుకున్నదానికి జవాబు రానందుకే ఎక్కువ. కాలువ పూడిక తీసే బండి గురువారం వస్తుందని చెబితే మూడు రోజులు ఓర్చుకుంటారు. ఫోన్ ఎత్తకపోతే మూడు గంటలు కూడా ఓర్చుకోరు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి అంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: పని ఆగినా జవాబు ఆగకూడదు.

మున్సిపాలిటీలో కౌన్సిలరైనా, కార్పొరేషన్‌లో కార్పొరేటరైనా మీ చేతిలో నేరుగా ఉండే అధికారం తక్కువ. ఎస్టిమేటు వేసేది ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్). కార్మికులను పంపేది శానిటరీ ఇన్‌స్పెక్టర్. డబ్బు విడుదలకు సంతకం కమిషనర్‌ది. మీకు ఉన్నవి కౌన్సిల్‌లో ఓటు, అధికారిని అడిగే హక్కు, వార్డు మొత్తానికి ఒకేసారి మాట చేరవేయగల అవకాశం. ఈ మూడో దాన్ని చాలామంది పుట్టినరోజు ఫ్లెక్సీలకు, పండగ శుభాకాంక్షలకు ఖర్చు చేసేస్తారు. అది వృథా.

మొదటి వారం: వార్డును కాగితం మీదకు తెండి

టౌన్ ప్లానింగ్ సెక్షన్ నుంచి వార్డు సరిహద్దుల మ్యాపు అడిగి తీసుకోండి. గోడకు అంటించేంత పెద్దగా ప్రింటు తీయించి, దాని మీద రంగు పెన్నులతో ఇవి గుర్తించండి: ప్రతి వీధి పేరు (జనం పిలిచే పేరు, రికార్డులో ఉన్న పేరు రెండూ), నీటి వాల్వులు, ఏ లైనుకు ఏ వేళ నీళ్లు వదులుతారు, ట్రాన్స్‌ఫార్మర్లు, తరచూ పొంగే మ్యాన్‌హోళ్లు, వానొస్తే నీళ్లు నిలిచే మలుపులు, చెత్త పోసే మూలలు, అంగన్‌వాడీలు, రేషన్ షాపులు, బడులు, బస్తీ దవాఖానా లేదా పట్టణ ఆరోగ్య కేంద్రం.

ఆ మ్యాపును 250 నుంచి 400 ఇళ్లు వచ్చేలా బ్లాకులుగా విడదీయండి. బ్లాకుకు ఇద్దరు చొప్పున మనుషుల్ని ఎంచుకోండి, అందులో ఒకరు తప్పనిసరిగా మహిళ. నీళ్లు ఎప్పుడొచ్చాయో, చెత్త ఆటో ఎన్నాళ్లుగా రాలేదో కచ్చితంగా చెప్పగలిగేది ఎక్కువగా ఆడవాళ్లే. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్లు, పొదుపు సంఘాల లీడర్లు ఈ పనికి బాగా సరిపోతారు. ఇంటింటికీ తిరిగిన అలవాటు వాళ్లకు ఉంటుంది. మీ పార్టీ కార్యకర్తలనే అన్ని బ్లాకులకూ పెడితే మాత్రం, మీకు ఓటు వేయని ఇళ్ల నుంచి సమాచారం రావడం ఆగిపోతుంది. అక్కడి సమస్య మీకు ముందు తెలియదు, పేపర్లో చూశాకే తెలుస్తుంది.

సిబ్బంది జాబితా కూడా అదే వారం రాసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబర్ నుంచి వార్డు సచివాలయాలు ఉన్నాయి కాబట్టి పారిశుద్ధ్యానికి, ఇంజినీరింగ్ పనులకు, ప్లానింగ్‌కు, ఆరోగ్యానికి, సంక్షేమానికి వేర్వేరు కార్యదర్శులు ఉంటారు. ఒక వార్డులో ఒకటి కంటే ఎక్కువ సచివాలయాలు ఉంటే ఏ వీధి దేని కిందకు వస్తుందో మ్యాపు మీదే రాయండి. తెలంగాణలో వార్డు ఆఫీసర్, శానిటరీ జవాన్, ఏఈ, బిల్ కలెక్టర్, వాటర్ లైన్‌మన్, విద్యుత్ లైన్‌మన్ పేర్లు, డ్యూటీ వేళలు తీసుకోండి. బదిలీలు అవుతుంటాయి గనుక మూడు నెలలకోసారి సరిచూడాలి.

వార్డు సరిహద్దు రోడ్డు మధ్యలోంచి పోయే చోట జాగ్రత్త. ఎడమ వైపు మీది, కుడి వైపు పక్క వార్డుది. ఫిర్యాదు చేసేవాళ్లకు ఆ గీత కనపడదు. ‘అది మా వార్డు కాదు’ అని ఫోన్ పెట్టేయకండి. రాసుకుని పక్క సభ్యుడికి పంపి, పంపినట్టు ఫిర్యాదుదారుకు చెప్పండి. అర నిమిషం పని.

ఫిర్యాదుల రిజిస్టరు

ఇది లేకుండా మిగతావేవీ నడవవు. 200 పేజీల లాంగ్ నోటు పుస్తకం ఒకటి, దానికి జోడీగా ఫోన్‌లో గూగుల్ షీట్ ఒకటి. పుస్తకం ఆఫీసులో ఉంటుంది, షీట్ మీ దగ్గరా మీ సహాయకుడి దగ్గరా. గడులు ఇవి: వరుస సంఖ్య, తేదీ, ఫిర్యాదుదారు పేరు, ఫోన్, స్థలం, సమస్య, ఎవరికి పంపారు, ఆఫీసు ఫిర్యాదు నంబరు, చెప్పిన గడువు, స్థితి, తిరిగి ఫోన్ చేసిన తేదీ.

స్థలం గడిని ‘మార్కెట్ దగ్గర’ అని నింపితే కార్మికులు గంట తిరిగి వెనక్కి వెళ్లిపోతారు. ఇంటి నంబరు, లేదంటే స్తంభం నంబరు, అదీ లేకపోతే ‘ఫలానా కిరాణా కొట్టుకు ఎదురుగా ఎడమ పక్క రెండో సందు’ అని ఉండాలి. వీలైతే వాట్సాప్ లొకేషన్, ఒక ఫొటో అడగండి. ఫొటోను దగ్గరి నుంచి కాకుండా, వెనక ఏదో ఒక గోడో బోర్డో కనపడేలా తీయమనండి. గుంత ఒక్కటే కనపడే ఫొటో చూసి ఆ గుంత ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు.

ఆఫీసు ఫిర్యాదు నంబరు గడి ఖాళీగా వదలకండి. జవాన్‌కు నోటిమాటగా చెప్పిన పని ఆ రోజు అయితే అవుతుంది, లేకపోతే ఎవరికీ గుర్తుండదు. అధికారిక వ్యవస్థలో నమోదైతేనే రేపు కమిషనర్‌ను అడగడానికి ఆధారం ఉంటుంది. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111, జలమండలికి (నీళ్లు, మురుగు) 155313, కరెంటుకు 1912. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయం ద్వారా గానీ, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో గానీ నమోదు చేయించవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ సేవ ‘మన మిత్ర’ వాట్సాప్ నంబరు 95523 00009 నుంచి కూడా చాలా సేవలు అందుతాయి. కరెంటు లైన్ సమస్యకు అక్కడా 1912.

స్థితి గడిలో ఐదు మాటలే వాడండి: నమోదు, పంపాం, జరుగుతోంది, నిధులు కావాలి, అయింది. ‘చూస్తున్నాం’ అన్న మాట రాయవద్దు. దానికి అర్థం ఏమీ లేదని అందరికీ తెలుసు. ‘అయింది’ అని రాసేది కాంట్రాక్టరు చెప్పినప్పుడు కాదు, ఫిర్యాదు చేసిన మనిషి ఫోన్‌లో అవునన్నాకే. ఈ ఒక్క అలవాటుతో సగం పూర్తయి వదిలేసిన పనులు బయటపడతాయి. పూడిక తీసి కాలువ గట్టునే పోసి వెళ్లిపోవడం, కొత్త బల్బు పెట్టి వైరు కలపకపోవడం లాంటివి.

వాట్సాప్: ఏ రకం, ఎలా పెట్టాలి

అందరూ రాయగలిగే ఒకే పెద్ద గ్రూపు పెడితే నెల తిరగకముందే అది గుడ్ మార్నింగ్ బొమ్మలతో, పార్టీ తగాదాలతో నిండిపోతుంది. అవసరమైన సమాచారం వాటి కింద పడిపోతుంది. జనం మ్యూట్ చేస్తారు, ఆ తర్వాత మీరు ఏం పెట్టినా ఎవరూ చూడరు.

బ్లాకుకు ఒక గ్రూపు పెట్టి, సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా మార్చండి. గ్రూపుకు 1,024 మంది పడతారు కాబట్టి 400 ఇళ్లకు సరిపోతుంది. ఈ గ్రూపులన్నిటినీ ఒక వాట్సాప్ కమ్యూనిటీ కింద చేరిస్తే ప్రకటన ఒక్కసారి పెట్టగానే అన్నిటికీ వెళ్తుంది. మామూలు గ్రూపులో ఆడవాళ్ల నంబర్లు ముక్కూమొహం తెలియనివాళ్ల కంట పడతాయి. కమ్యూనిటీ ప్రకటనల విభాగంలో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనపడవు. నంబరు బయటపడుతుందని చేరడానికి వెనకాడేవాళ్లను అక్కడే చేర్చండి. ఛానెల్ కూడా పెట్టవచ్చు, ఎంతమందైనా చేరవచ్చు, నంబర్లూ కనపడవు. కాకపోతే దాన్ని పనిగట్టుకుని తెరిచి చూడాలి కాబట్టి పెద్దవాళ్లకు అంతగా చేరదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టును నమ్ముకోకండి. 256 మందే పడతారు, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది.

ఫిర్యాదులకు వేరే నంబరు పెట్టండి. పాత ఫోన్, కొత్త సిమ్, వాట్సాప్ బిజినెస్ యాప్ చాలు. అందులో ఆటోమేటిక్ జవాబుగా ఇలా పెట్టుకోండి: ‘మీ సందేశం అందింది. ఇంటి నంబరు లేదా స్తంభం నంబరు, ఒక ఫొటో పంపండి. ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు మీకు ఫిర్యాదు నంబరు ఇస్తాం. ప్రాణాపాయమైతే 112కు, అంబులెన్సుకు 108కు ఫోన్ చేయండి.’

మీరు మహిళా సభ్యురాలైతే ఈ నంబరు మీ దగ్గరే ఉండాలి, భర్త దగ్గరో కొడుకు దగ్గరో కాదు. రెండు రాష్ట్రాల పట్టణ సంస్థల్లో సగం సీట్లు మహిళలకే. ఫోన్ ఎత్తేది ఇంకొకరైతే జనం సభ్యుడిగా వాళ్లనే లెక్కేస్తారు, అధికారులూ వాళ్లతోనే మాట్లాడతారు. ఆడవాళ్లు మీకు చెప్పుకోగలిగేవి, మరుగుదొడ్డి దగ్గర లైటు లేకపోవడం, బెల్టు షాపు దగ్గర తాగుబోతుల గొడవ లాంటివి, ఆ ఫోన్‌కు రానే రావు.

స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లను మర్చిపోతే మీ అప్‌డేట్ కాలనీలకే పరిమితమవుతుంది, బస్తీకి చేరదు. రేషన్ షాపు, అంగన్‌వాడీ, వార్డు ఆఫీసు గోడల మీద అదే సమాచారాన్ని పెద్ద అక్షరాలతో ఒక పేజీగా అంటించండి. చెత్త ఆటోలో మైకు ఉంటుంది. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో మాట్లాడి 40 సెకన్ల ప్రకటన రికార్డు చేసి ఇవ్వండి. చదవలేనివాళ్ల కోసం ప్రతి ఆదివారం మీ గొంతుతో నిమిషంన్నర వాయిస్ మెసేజ్ పెట్టండి, అంతకు మించితే వినరు. ఉర్దూ మాట్లాడే వీధులుంటే ఉర్దూలో, చిత్తూరు వైపు తమిళం, ఆదిలాబాద్ వైపు మరాఠీ అవసరమైతే ఆ భాషలో కూడా. అనువాదం కోసం వెతకనక్కరలేదు, ఆ బ్లాకు మనిషినే చదవమనండి.

ఆదివారం అప్‌డేట్ రాయడం

వారానికి ఒక్కటే, ఒకే రోజు, ఒకే వేళ. ఆదివారం ఉదయం 9 గంటలు చాలా చోట్ల కుదురుతుంది. ఫోన్ తెరమీద రెండుసార్లు జరిపితే అయిపోయేంత పొడవు, అంటే 150 నుంచి 180 పదాలు. పీడీఎఫ్‌గా పంపితే తెరిచేవాళ్లు తక్కువ. బొమ్మలో అక్షరాలు కూర్చి పంపితే వెతికినా దొరకదు. మామూలు టెక్స్ట్‌గానే పెట్టండి. నమూనా ఇలా ఉంటుంది:

‘12వ వార్డు, ఈ వారం.
అయినవి: రామాలయం వీధిలో 3 లైట్లు వెలిగాయి (ఫిర్యాదులు 41, 44, 45). పాత బావి సందు మ్యాన్‌హోల్ మూత మార్చారు (38).
కానివి: వడ్ల మిల్లు దగ్గర కాలువ పూడిక (29). కారణం: సందులోకి జేసీబీ పట్టదు, చిన్న యంత్రం పక్క సర్కిల్ నుంచి రావాలి. కొత్త తేదీ: గురువారం. బాధ్యత: ఏఈ.
వచ్చే వారం: మంగళవారం ఉదయం 6 నుంచి 11 వరకు రెండో లైనుకు నీళ్లు రావు. సోమవారం రాత్రే పట్టుకోండి.
మీరు చేయాల్సింది: శుక్రవారం డ్రై డే. డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేసి ఆరబెట్టండి.
ఈ వారం వచ్చిన ఫిర్యాదులు 17, తీరినవి 11, మిగిలినవి పాతవాటితో కలిపి 14.’

ఇందులో అన్నిటికంటే విలువైనది ‘కానివి’ అన్న భాగం. చాలామంది దాన్ని రాయడానికి భయపడతారు. అయితే వీధిలో కాలువ పొంగుతున్న సంగతి అక్కడ ఉండేవాళ్లకు మీకంటే ముందే తెలుసు. మీరు దాచితే తెలియకుండా పోదు, మీ అప్‌డేట్‌లో మిగతా నాలుగు లైన్ల మీద కూడా నమ్మకం పోతుంది. కారణం ఒక్క వాక్యంలో రాయండి. అధికారి పేరు రాయకండి, హోదా చాలు. పేరు పెట్టి తప్పుపడితే ఆ అధికారి తర్వాత మీకు సమాచారం ఇవ్వడం మానేస్తాడు.

పాత గడువు దాటిందంటే కొత్త గడువుతో పాటు ‘రెండోసారి వాయిదా’ అని కూడా రాయండి. మూడోసారి వాయిదా పడితే అది అప్‌డేట్‌లో రాసి వదిలేసే విషయం కాదు, కమిషనర్‌కు లిఖితపూర్వకంగా వెళ్లాల్సింది.

సమస్యను బట్టి ఏం అడగాలి, ఏం చెప్పాలి

వీధి లైటు: ఒక్కటే ఆరిందా, వరుసంతా ఆరిందా అని అడగండి. ఒక్కటైతే బల్బో, ఫిట్టింగో. వరుసంతా ఆరితే కంట్రోల్ బాక్సో, కేబులో. రెండింటికీ వచ్చే మనుషులు వేరు. పగలు వెలుగుతున్న లైట్లను కూడా ఫిర్యాదుగానే రాసుకోండి.

మురుగు: పొంగేది మ్యాన్‌హోలా, వాన నీటి కాలువా? హైదరాబాద్‌లో మొదటిది జలమండలిది, రెండోది కార్పొరేషన్‌ది. తప్పు ఆఫీసుకు వెళ్తే రెండు రోజులు పోతాయి. ఎంత ఒత్తిడి ఉన్నా ‘ఒక మనిషిని దింపి తీయించండి’ అని మీ నోటి వెంట రాకూడదు. మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ లేకుండా మనిషిని దింపడం పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. లోపలి విషవాయువుకు మనిషి క్షణాల్లో కుప్పకూలతాడు, కాపాడబోయి దిగినవాడూ చనిపోతాడు. జెట్టింగ్ మెషీన్, సక్షన్ బండి వచ్చేదాకా ఆగమని వీధివాళ్లకు మీరే చెప్పాలి. ఈ మాట సభ్యుడు చెబితే వింటారు, కార్మికుడు చెబితే తిడతారు.

తాగునీరు: రంగు మారిందంటే ఎంతసేపు మారిందో అడగండి. లైను రిపేరు తర్వాత మొదటి పది పదిహేను నిమిషాలు మడ్డిగా రావడం మామూలే. అరగంట దాటినా వాసన ఉంటే డ్రైనేజీ కలుస్తోందని అనుమానించాలి. వెంటనే ఆ లైనులో నీళ్లు తాగవద్దని ప్రకటన పెట్టి, ట్యాంకరు అడగండి. చివరి ఇంటి కొళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేయించండి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. పైపు మొదట్లో పరీక్షించి బాగుందంటే అది లెక్కలోకి రాదు.

దోమలు: అందరూ అడిగేది ఫాగింగ్. పొగకు చచ్చేది ఎగిరే దోమ మాత్రమే, నీళ్లలోని దోమ పిల్లలు (లార్వా) అలాగే ఉంటాయి. డెంగీ దోమ ఎక్కువగా ఇంట్లో, ఇంటి చుట్టూ నిలిచిన మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టే వారానికోసారి నీళ్లు పారబోసి, తొట్టి గోడలు రుద్ది కడగమంటాం. ఫాగింగ్ బండి ముందు నిలబడి తీయించుకున్న ఫొటో కంటే, ఏ వీధిలో ఎన్ని ఇళ్లు చూస్తే ఎన్నింట్లో లార్వా దొరికిందో రాసిన ఒక్క లైను ఎక్కువ పని చేస్తుంది.

కుక్కలు: ‘అన్నిటినీ పట్టించి ఊరి బయట వదిలేయిస్తాను’ అని మాట ఇవ్వకండి. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023 ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసిన కుక్కను పట్టిన చోటే వదలాలి. పిచ్చి పట్టిందని అనుమానం ఉన్నవాటి సంగతి వేరు. ఏ వీధిలో ఎన్ని ఉన్నాయి, ఎవరిని కరిచింది అన్న వివరం పశువైద్య విభాగానికి పంపండి. కరిచిన మనిషికి గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లమని చెప్పడం అన్నిటికంటే ముందు.

ఇంటి పన్ను: ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం రాయితీ రెండు రాష్ట్రాల్లోనూ ఇస్తూ వస్తున్నారు. ఆ ఏడాది ఉత్తర్వు చూసుకున్నాకే పోస్టు పెట్టండి, మార్చి ఆఖరి వారంలో ఒకసారి, ఏప్రిల్ 25న ఒకసారి.

కొత్త రోడ్డు, కాలువ పనుల గురించి చెప్పడం

శంకుస్థాపన జరిగింది, పని మొదలవలేదు. కొత్త సభ్యుడి పేరు చెడేది ఎక్కువగా ఇక్కడే. పనికి వరుస మెట్లు ఉంటాయి: ఎస్టిమేటు, మంజూరు, టెండరు, అగ్రిమెంటు, పని, ఎంబీ (మెజర్‌మెంట్) బుక్కులో కొలత, బిల్లు. ప్రతి పని ఏ మెట్టు మీద ఉందో నెలకోసారి ఒక పట్టికగా పెట్టండి. టెండరుకు ఎవరూ రాలేదంటే రాలేదని రాయండి. పాత బిల్లులు ఆగిపోయినందువల్ల కాంట్రాక్టర్లు ముందుకు రావడం లేదని అధికారులు చెబితే ఆ మాటే రాయండి. అగ్రిమెంటు అయ్యేదాకా తేదీ మాత్రం చెప్పవద్దు.

సీసీ రోడ్డు వేసే వీధికి పదిహేను రోజుల ముందే కరపత్రం ఇవ్వండి: ‘కొళాయి కనెక్షన్, డ్రైనేజీ కనెక్షన్, ఇంటర్నెట్ కేబులు ఏవైనా కావాలంటే ఇప్పుడే దరఖాస్తు చేయండి.’ ఇది చేయకపోతే రోడ్డు వేసిన నెలకే ఎవరో ఒకరు అడ్డంగా తవ్వుతారు, ఆ అతుకు దగ్గరే మొదటి వానకు గుంత పడుతుంది. రోడ్డు ఎత్తు కూడా ముందే చూడాలి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త పొర వేస్తే ఇంటి గడపలు కిందకు పోయి, వాన నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. లెవెల్ ఎంత అనేది ఏఈ చేత గోడ మీద సుద్దతో గీయించి, వీధివాళ్లకు చూపించండి.

పని జరిగే చోట బోర్డు ఉండాలి: పని పేరు, అంచనా విలువ, పొడవు, వెడల్పు, మందం, పూర్తి చేయాల్సిన తేదీ, లోపాలు వస్తే ఎన్నాళ్లు కాంట్రాక్టరే బాగుచేయాలి. ఆ వీధిలో ఇద్దరికి ఒక టేపు ఇచ్చి మందం కొలవమనండి. కాంక్రీటు వేశాక కనీసం 14 రోజులు తడి ఆరకుండా నీళ్లు కట్టాలి. ఆ రోజుల్లో నీళ్లు కట్టారో లేదో రోజూ ఒక ఫొటో పంపించమంటే చాలు. రెండేళ్లకే పెచ్చులూడే రోడ్లలో చాలావాటికి కారణం ఈ క్యూరింగ్ ఎగ్గొట్టడమే.

వీధి సభ

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు. ఒక్కోదానిలో 15 మంది, మొత్తం 60 మంది. మూడు నెలలకోసారి కూర్చోవాలి. కాగితం మీద ఉండి కూర్చోని కమిటీలే ఎక్కువ. మీ వార్డులో వీటిని నిజంగా కూర్చోబెడితే సగం పని అయినట్టే. అదే చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత కూడా మీ మీద పెట్టింది కాబట్టి, మొక్కల లెక్కను వయోవృద్ధుల కమిటీకి అప్పగించవచ్చు. పొద్దున్నే నడకకు వెళ్లేది వాళ్లే.

దీనికి అదనంగా నెలకు ఒక బ్లాకులో వీధి సభ పెట్టండి. మీ ఇంట్లోనో, పార్టీ ఆఫీసులోనో వద్దు. బడి వరండా, కమ్యూనిటీ హాలు, చెట్టు కింద అరుగు ఏదైనా ఫరవాలేదు. కూలి పనులకు వెళ్లే బస్తీలో సాయంత్రం ఆరున్నర, ఉద్యోగస్తుల కాలనీలో ఆదివారం ఉదయం ఎనిమిది. 45 నిమిషాలకు మించవద్దు. ఏఈ, శానిటరీ ఇన్‌స్పెక్టర్ రావాలంటే వారం ముందే కమిషనర్‌కు లేఖ రాయాలి. ముందురోజు ఫోన్ చేస్తే రారు.

మొదటి ఐదు నిమిషాలు పోయిన సభలో రాసుకున్న జాబితా చదవండి, ఏది అయింది, ఏది కాలేదు. ఇది చదవకుండా కొత్త ఫిర్యాదులు తీసుకుంటే రెండోసారి ఎవరూ రారు. తర్వాత 25 నిమిషాలు జనానివి, మనిషికి రెండు నిమిషాలు, వెనక కూర్చున్న ఆడవాళ్లతో మొదలుపెట్టి. గట్టిగా మాట్లాడే నలుగురికి మైకు ముందే ఇస్తే సభ వాళ్లదైపోతుంది. పది నిమిషాలు ఒకే ఒక్క అంశం మీద, నీళ్ల వేళలు గానీ, చెత్త ఆటో వచ్చే దారి గానీ. చివరి ఐదు నిమిషాలు రాసుకున్నది బిగ్గరగా చదివి, మర్నాటికల్లా గ్రూపులో పెట్టాలి. శాలువాలు, దండలు వద్దని ముందే చెప్పండి. అవి మొదలైతే పావుగంట పోతుంది.

ఏ పని ముందు చేయాలో జనాన్నే తేల్చమనడం మంచిదే. చార్టు మీద ఐదు పనులు, వాటి అంచనా ఖర్చు రాసి, ఇంటికి రెండు స్టిక్కర్లు ఇచ్చి అంటించమనండి. ఒక హెచ్చరిక: 12 ఇళ్లున్న సందుకు డ్రైనేజీ లేదనుకోండి, 300 ఇళ్ల కాలనీ పార్కుతో ఓట్లలో అది ఎప్పటికీ గెలవదు. తాగునీరు, మురుగు, మరుగుదొడ్డి, చీకటి దారి, వీటిని ఓటుకు పెట్టకుండా ముందే పక్కకు తీసి చేయించాలి.

వాన, పుకార్లు, వ్యక్తిగత వివరాలు

భారీ వాన హెచ్చరిక వచ్చిన రోజు వారం నియమం పక్కన పెట్టి, మూడు గంటలకోసారి మెసేజ్ పెట్టండి, కొత్త విషయం లేకపోయినా ‘పరిస్థితి మారలేదు, తర్వాతి సమాచారం 6 గంటలకు’ అని. తెగిపడిన కరెంటు తీగల చోటు, నీళ్లు నిలిచిన అండర్‌పాస్, పునరావాసం పెట్టిన బడి, భోజనం వేళ, ఈ నాలుగే రాయండి. మ్యాన్‌హోల్ మూతలు తీసి నీళ్లు వదలవద్దని ప్రతి మెసేజ్ చివర ఉండాలి. నీటి కింద కనపడక మనుషులు కొట్టుకుపోతారు.

పుకారు వస్తే దాన్ని మళ్లీ ఫార్వర్డ్ చేసి ఖండించకండి, అది ఇంకా పాకుతుంది. సరైన విషయం ఒక్కటే రాసి, ఎవరు ధ్రువీకరించారో హోదా చెప్పండి.

పింఛను, ఇల్లు, రేషన్ కార్డు దరఖాస్తుదారుల జాబితాలు ఫోన్ నంబర్లతో, ఆధార్‌తో గ్రూపులో పెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. మానేయాలి. మోసగాళ్లకు అంతకంటే కావలసింది లేదు. జబ్బు పేర్లు, పిల్లల ఫొటోలు, సాయం అందుకుంటున్న పేదవాళ్ల ముఖాలు కూడా వద్దు. పొరుగింటివాడి అక్రమ కట్టడం మీద ఫిర్యాదు చేసినవాళ్ల పేరు ఏ పరిస్థితిలోనూ బయటకు రాకూడదు. ఇలాంటివాటికి రిజిస్టరులో పేరు గడి ఖాళీగా ఉంచి, వివరాలు వేరే పుస్తకంలో రాసుకోండి.

రిజిస్టరును కౌన్సిల్‌కు తీసుకెళ్లడం

కౌన్సిల్ సమావేశానికి పది రోజుల ముందు రిజిస్టరులో ‘నిధులు కావాలి’ అని ఉన్నవి, మూడుసార్లు వాయిదా పడ్డవి విడిగా తీయండి. ఒక్కోదానికి అర పేజీ: సమస్య, ఫిర్యాదు నంబర్లు, తేదీలు, రెండు ఫొటోలు, మీరు కోరేది ఏమిటో ఒక్క వాక్యం. ‘మా వార్డును పట్టించుకోవడం లేదు’ అన్న ప్రసంగానికి మినిట్స్‌లో చోటు దొరకదు. ‘వడ్ల మిల్లు కాలువకు 60 మీటర్ల గోడ, ఎస్టిమేటు వేయించాలి’ అన్నది దొరుకుతుంది. సమావేశం జరిగిన వారం, ఆదివారం అప్‌డేట్‌లో మీరు ఏం అడిగారో, అధ్యక్ష స్థానం నుంచి ఏం జవాబు వచ్చిందో, ఏ తీర్మానానికి మీరు ఎటు ఓటేశారో రాయండి.

ఎన్నికల షెడ్యూలు వచ్చి కోడ్ అమల్లోకి రాగానే కొత్త పనుల ప్రకటనలు, శంకుస్థాపనల ఫొటోలు ఆపేయాలి. వార్డు గ్రూపుల్లో ప్రచారం పెట్టకండి. ప్రచారానికి వేరే గ్రూపు, వేరే నంబరు ఉండాలి. నీళ్లు రాని వేళలు, వాన హెచ్చరికల లాంటివి కొనసాగాలి కాబట్టి ఆ రోజుల్లో వార్డు ఆఫీసర్‌ను గానీ, సచివాలయ కార్యదర్శిని గానీ అడ్మిన్‌గా చేర్చండి. పదవీకాలం ముగిసినప్పుడు ఫిర్యాదుల రిజిస్టరు కాపీ, మ్యాపు, తేలని ఫిర్యాదుల జాబితా ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఫోన్ నంబర్లు ఉన్న గడిని మాత్రం తీసేసి ఇవ్వండి. వాళ్లు నంబరు ఇచ్చింది కాలువ బాగుచేయించమని.